కడుపుతో ఉన్నప్పుడు... ఫెయిర్‌నెస్ క్రీములా?

నెల తప్పిన దగ్గర్నుంచీ ఏం తినాలో, ఏం తినకూడదో చెప్పేవాళ్లు ఇంటినిండా ఉంటారు. మొహానికి ఏం రాసుకోకూడదో చెప్పేవాళ్లు మాత్రం అరుదు. చర్మం మీద రాసిందల్లా చర్మం మీదే ఆగిపోదు. కొన్ని రక్తంలోకి వెళ్తాయి. అక్కణ్నుంచి బిడ్డ దాకా! అందుకే ట్యూబు మూత తీసేముందు ఒక్కసారి ఆలోచించమంటున్నారు చర్మవైద్యులు.

'ఏంటమ్మాయ్, ఇలా నల్లబడిపోయావ్?'

'మొదటి కాన్పు కదా... కాస్త మొహం చూసుకో తల్లీ!'

కడుపుతో ఉన్న అమ్మాయి పుట్టింటి గుమ్మంలో అడుగుపెడితే చాలు... ఇరుగమ్మా పొరుగమ్మా మంచినీళ్ల కంటే ముందు ఇచ్చే పలకరింపు ఇదే. ఆ మాట వెనక ప్రేమే ఉండొచ్చు. కానీ విన్న మనసు ఊరుకోదు. అద్దం ముందు నిలబడుతుంది. బుగ్గల మీద మచ్చలు, మెడ చుట్టూ నలుపు... నిజమే! సాయంత్రానికల్లా మందుల షాపు నుంచో, ఫ్యాన్సీ షాపు నుంచో ఓ ట్యూబు ఇంటికొస్తుంది. కొల్లేటి లంకల్లో చేపల చెరువు పనికెళ్లే ఆడకూతురైనా, తాడేపల్లిగూడెంలో స్కూటీ మీద ఆఫీసుకెళ్లే ఉద్యోగినైనా, ఏలూరులో ఇంటిపట్టున ఉండే గృహిణైనా... ఈ దిగులుకి తేడా లేదు.

ఆ ట్యూబులో ఏముందో చదివేవాళ్లు మాత్రం తక్కువ. అసలు చదవడానికి దానిమీద ఏమైనా రాసి ఉంటే కదా!

మంగు ఎందుకొస్తుంది?

ముందు ఒక సంగతి తెలుసుకోవాలి. కడుపుతో ఉన్నప్పుడు నల్లబడటం జబ్బు కాదు. నెలలు గడిచేకొద్దీ ఒంట్లో ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ హార్మోన్లు పెరుగుతాయి. వాటివల్ల చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారీ ఊపందుకుంటుంది. అందుకే మెడ, చంకలు నల్లబడతాయి. పొట్ట మీద బొడ్డు మీదుగా నిలువునా ఓ నల్లటి గీత వస్తుంది. బుగ్గలు, నుదురు, పైపెదవి మీద గోధుమరంగు మచ్చలు పరుచుకుంటాయి. వీటినే మన ఇళ్లలో 'మంగు' అంటారు. డాక్టర్లు మెలాస్మా అంటారు. బిడ్డకు దీనివల్ల ఏ హానీ లేదు.

ఈ అగ్నికి ఆజ్యం పోసేది ఎండ. మన డెల్టాలో ఎండకు కొదవేముంది? రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని ఊరికే అన్నారా! దాళ్వా కోతలు ఎండాకాలంలోనే. చేపల చెరువుల గట్ల మీద నీడనిచ్చే చెట్టు దొరకడమే కష్టం. ఎండలోని అతినీల లోహిత కిరణాలే కాదు, మామూలు వెలుగు కూడా మంగును ముదురుతనంలోకి నెడుతుందని చర్మవైద్యులు గుర్తించారు. ఒకే ఇంట్లో అక్కకు వచ్చిన మంగు చెల్లెలికీ రావడం చూస్తుంటాం. వంశపారంపర్యం కూడా ఓ కారణమే మరి.

మంచి మాట ఏంటంటే... కాన్పు అయ్యాక హార్మోన్లు సర్దుకుంటాయి. కొన్ని నెలల్లో చాలామందికి మచ్చలు వాటంతటవే పలచబడతాయి. కొందరికి పూర్తిగా పోకపోవచ్చు. అలాంటివాళ్లకు బిడ్డ పుట్టాక వైద్యం చేయించుకునే వీలుంది. అంటే, ఆగితే సగం సమస్య తీరిపోతుంది. ఆగలేకపోవడమే అసలు సమస్య!

ఏలూరు అడిగిన ప్రశ్న

2020 డిసెంబరు మొదటి వారం ఏలూరు వాసులకు ఇంకా గుర్తే. ఉన్నట్టుండి జనం మూర్ఛతో పడిపోయారు. కొద్ది రోజుల్లోనే అయిదు వందల మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షించిన రక్త నమూనాల్లో సీసం, నికెల్ బయటపడ్డాయి. ఆ తర్వాత నిపుణుల బృందాలు పురుగుమందుల అవశేషాల మీద అనుమానం వ్యక్తం చేశాయి. ఆ రోజుల్లో నగరం మొత్తానిదీ ఒకటే ప్రశ్న: 'మన ఒంట్లోకి ఏం వెళ్తోంది?' నీళ్లు, పాలు, కూరగాయలు, బియ్యం... దేన్నీ వదల్లేదు. అన్నింటినీ పరీక్షకు పంపారు.

క్రీములకూ ఆ ఘటనకూ ఏ సంబంధమూ లేదు. కానీ ఆ ప్రశ్న మాత్రం బంగారం లాంటిది. కడుపులో బిడ్డను మోస్తున్న అమ్మ ఇంట్లో అద్దం దగ్గరున్న ట్యూబుని కూడా అదే ప్రశ్న అడగాలి. పేరున్న కంపెనీల డబ్బా మీద ఏమేం కలిపారో రాసి ఉంటుంది. భయమంతా అది లేనివాటితోనే. ఏ దేశం నుంచి వచ్చిందో తెలియనివి, ఆన్‌లైన్లో దొరికే లేబుల్ లేని డబ్బాలు, 'ఏడు రోజుల్లో తెలుపు' అంటూ చేతిలో పెట్టే 'ఫార్ములా' క్రీములు, డాక్టరు చీటీ లేకుండా తెచ్చుకునే మందు ట్యూబులు... వీటిలో ముఖ్యంగా మూడు రకాల పదార్థాలుంటాయి. మూడూ గర్భిణికి పనికిరానివే.

పాదరసం... తెలుపు చేసే విషం

పాదరసం తగిలిన బంగారపు ఉంగరం తెల్లబడిపోతుంది. బంగారం పని తెలిసిన ఎవర్ని అడిగినా చెబుతారు. అదే పాదరసాన్ని లవణాల రూపంలో కొన్ని క్రీముల్లో కలుపుతారు. చర్మంలో మెలనిన్ తయారవ్వాలంటే ఓ ఎంజైము పనిచేయాలి. పాదరసం ఆ ఎంజైముని అడ్డుకుంటుంది. దాంతో కొద్దిరోజులకే చర్మం తేలిక రంగులోకి వస్తుంది. 'అబ్బ, ఎంత బాగా పనిచేస్తోందో!' అని మురిసిపోతాం. పనిచేస్తున్నది విషమని తెలియదు.

చర్మం గుండా ఒంట్లో చేరిన పాదరసం ముందుగా దెబ్బతీసేది మూత్రపిండాలను. నరాల మీదా ప్రభావం చూపుతుంది. ఆందోళన, దిగులు, చేతులూ కాళ్ల తిమ్మిర్లు కూడా దీని లక్షణాలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. గర్భిణి ఒంట్లోని పాదరసం మాయ దాకా చేరుతుంది. బాలింత అయ్యాక పాలలోకీ వస్తుంది.

దీనికి ఉదాహరణ కోసం దూరం వెళ్లక్కర్లేదు. కేరళలోని మలప్పురం జిల్లా కొట్టక్కల్‌లో కిడ్నీ వైద్యులకు ఓ వింత ఎదురైంది. 2021 జులై నుంచి 2023 సెప్టెంబరు దాకా వాళ్ల దగ్గరికి ఒకే రకం కిడ్నీ జబ్బుతో 22 మంది వచ్చారు. మూత్రంలో ప్రొటీన్ పోవడం, ఒళ్లు వాయడం... ఇవీ లక్షణాలు. వాళ్లలో 15 మందికి వచ్చింది ఆ జబ్బులోనే అరుదైన రకం. కారణం కోసం తవ్వితే, ఆ 15 మందిలో 13 మంది ఫెయిర్‌నెస్ క్రీములు వాడినట్టు తేలింది! ఈ వివరాలు 2024లో అంతర్జాతీయ వైద్య పత్రిక 'కిడ్నీ ఇంటర్నేషనల్'లో వచ్చాయి. క్రీము మానేశాక చాలామంది కోలుకోవడం ఊరట.

గర్భిణి విషయంలో ఇక్కడో చిక్కుంది. కాళ్ల వాపు, మూత్రంలో ప్రొటీన్ అంటే డాక్టర్లు ముందుగా అనుమానించేది గుర్రపు వాతాన్ని. క్రీము సంగతి మనం చెప్పకపోతే వాళ్లకు తట్టే అవకాశం తక్కువ.

రాసుకున్నవాళ్లకే కాదు, ఇంట్లోవాళ్లకూ ముప్పే. 2010లో అమెరికాలోని కాలిఫోర్నియా, వర్జీనియాల్లో కొన్ని కుటుంబాలను పరీక్షించారు. పాదరసం క్రీము వాడినవాళ్లతోపాటు, అసలు ముట్టుకోని కుటుంబ సభ్యుల ఒంట్లోనూ పాదరసం కనిపించింది. తువ్వాళ్లు, దిండు గలీబులు, ముద్దు చేసిన చేతులు... ఇలా ఒకరి నుంచి ఇంకొకరికి చేరుతుంది. ఒళ్లో పడుకునే చంటిపిల్లలు ఉంటే ఇంకా జాగ్రత్త!

సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 2014లో 32 ఫెయిర్‌నెస్ క్రీములను పరీక్షిస్తే 14 రకాల్లో పాదరసం బయటపడింది. ఆ తర్వాత నిబంధనలు బిగిశాయి. పాదరసాన్ని అరికట్టే మినమాటా ఒప్పందాన్ని మన దేశం 2018లో ఆమోదించింది. పాదరసం కలిపిన సౌందర్య సాధనాలన్నింటికీ 2025తో స్వస్తి చెప్పాలని ఆ ఒప్పందంలోని దేశాలు 2023లో నిర్ణయించాయి. చట్టం ఉంది. కానీ చాటుమాటుగా చేతులు మారే డబ్బాకు చట్టం తెలియదు కదా!

స్టెరాయిడ్... వారంలో మెరుపు, ఏడాదంతా ఏడుపు

రెండోది స్టెరాయిడ్. ఎగ్జిమా లాంటి వాటికి డాక్టర్లు కొద్దిరోజులు రాసే బీటామెథసోన్, క్లోబెటసాల్, మోమెటసోన్ లాంటి మందులివి. మొహానికి రాస్తే తాత్కాలికంగా నునుపు, తెలుపు వస్తాయి. అది చూసి ఒకరు ఇంకొకరికి చెబుతారు. పక్కింటి వదిన వాడింది, పెద్దమ్మ కూతురు వాడింది... ఇంకేం, మనమూ కొనేస్తాం!

2011లో ప్రచురితమైన ఓ అధ్యయనంలో మన దేశంలోని చర్మవైద్యులు 12 కేంద్రాల్లో మొహం సమస్యలతో వచ్చిన 2,926 మందిని పరిశీలించారు. వారిలో 433 మంది మొహానికి స్టెరాయిడ్ క్రీము రాస్తున్నవాళ్లే. దీర్ఘకాలం రాస్తే చర్మం పలచబడుతుంది. ఎర్రటి రక్తనాళాలు బయటికి కనిపిస్తాయి. మొటిమలు, అవాంఛిత రోమాలు వస్తాయి. మానేద్దామంటే మంట, ఎరుపు... దాంతో మళ్లీ రాయాల్సి వస్తుంది. అదో ఊబి.

మరి కడుపులో బిడ్డకు? డాక్టరు చెప్పిన తక్కువ శక్తి స్టెరాయిడ్‌ని చెప్పినన్నాళ్లు రాస్తే భయం లేదు. గర్భిణికి ఎగ్జిమా ఉంటే డాక్టర్లే రాస్తారు. అత్యంత శక్తిమంతమైన రకాలను విచ్చలవిడిగా వాడితేనే ప్రమాదం. గర్భం మొత్తమ్మీద అలాంటి క్రీము 300 గ్రాములకు మించి వాడినవాళ్లలో తక్కువ బరువు బిడ్డలు పుట్టే అవకాశం పెరిగినట్టు బ్రిటన్‌లో చేసిన ఓ పెద్ద పరిశీలన 2013లో చెప్పింది. రోజూ రెండుపూటలా మొహం, మెడ, చేతులకు రాసేవాళ్లకు ఆ లెక్క దాటడం పెద్ద కష్టమేం కాదు. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతలను డాక్టరు చీటీ మీదే అమ్మాలని ఆదేశించింది. 'ఫలానా ట్యూబు ఇవ్వండి' అని నోటిమాటతో అడిగి తెచ్చుకుంటే ఆ రక్షణ మనకు మనమే తీసేసుకున్నట్టు.

మూడోది ఇంకో జంట

మచ్చలకు రాసే ట్యూబుల్లో ఎక్కువగా కనిపించే పేరు హైడ్రోక్వినోన్. చర్మం మీద రాసిన ఏ పదార్థమైనా రక్తంలోకి వెళ్లేది సాధారణంగా చాలా స్వల్పం. హైడ్రోక్వినోన్ అలా కాదు. రాసినదాంట్లో 35 నుంచి 45 శాతం దాకా ఒంట్లోకి ఇంకుతుంది. దానివల్ల బిడ్డల్లో లోపాలు వచ్చాయన్న రుజువు లేదు. అయినా అంత మోతాదు లోపలికి వెళ్తున్నప్పుడు గర్భిణులు దూరంగా ఉండటమే మేలన్నది వైద్యుల సలహా.

దాని తోడు ట్రెటినాయిన్. ఇది విటమిన్-ఎ కుటుంబానికి చెందిన రెటినాయిడ్. ఇదే కుటుంబంలోని ఐసోట్రెటినాయిన్ మాత్రలు మొటిమలకు వాడతారు. గర్భిణి మింగితే బిడ్డ మెదడు, గుండె, చెవుల్లో తీవ్రమైన లోపాలు వస్తాయని ఎప్పుడో తేలింది. చర్మానికి రాసే రకం ఒంట్లోకి వెళ్లేది కొద్దిగానే. అయినా ఆ కుటుంబం మొత్తాన్నీ గర్భిణులకు వద్దనే చెబుతారు. విచిత్రం ఏంటంటే... హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, స్టెరాయిడ్ మూడూ కలిపిన ట్యూబులు మన మార్కెట్లో ఉన్నాయి. మంగుకి డాక్టర్లు కొద్ది వారాలు రాసే మందు అది. దాన్ని కొందరు ఫెయిర్‌నెస్ క్రీములా ఏళ్ల తరబడి వాడేస్తుంటారు!

ఈమధ్య కాలంలో తెలుపు కోసం గ్లూటాథయోన్ ఇంజెక్షన్లంటూ కొత్త మోజు మొదలైంది. రంగు కోసం నరానికి సూది... కడుపుతో ఉన్నప్పుడు ఆ ఆలోచనే వద్దు.

కుంకుమపువ్వు తాగితే బిడ్డ తెల్లగా పుడతాడా?

అమ్మ రంగు సంగతి ఇలా ఉంటే బిడ్డ రంగు గోల ఇంకోటి. అయిదో నెల వచ్చిందంటే గోరువెచ్చని పాలల్లో కుంకుమపువ్వు రేకులు వేసి ఇవ్వడం చాలా ఇళ్లలో ఆనవాయితీ. సువాసన కోసం రెండు రేకులు వేసుకుంటే తప్పేం లేదు. పాలు ఎలాగూ మంచివే. కానీ రంగు కోసమే అయితే ఆ డబ్బు దండగ.

బిడ్డ రంగు తల్లి పాలగ్లాసులో తేలేది కాదు. తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం వచ్చిన జన్యువులు కలిసిన క్షణానే ఆ లెక్క తేలిపోతుంది. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాలుపంచుకున్న ఓ అధ్యయనం 2013లో వెలువడింది. 'ఎస్ఎల్‌సీ24ఏ5' అనే ఒక్క జన్యువులోని చిన్న తేడా మనవాళ్ల చర్మపు రంగు మీద ఎంత ప్రభావం చూపుతుందో అది వివరించింది. ఇలాంటి జన్యువులు ఇంకా ఎన్నో ఉన్నాయి. అందుకే ఒకే అమ్మ కడుపున పుట్టిన అన్న చామనఛాయ, తమ్ముడు పచ్చని ఛాయ! నెలల పిల్లల రంగు చూసి మురిసిపోవడం, దిగులుపడటం కూడా తొందరపాటే. పుట్టిన తర్వాత కూడా మెలనిన్ తయారవుతూనే ఉంటుంది. అసలు ఛాయ తేలడానికి నెలలు పడుతుంది.

కిలో కుంకుమపువ్వు కావాలంటే లక్షకు పైగా పూలు కోయాలి. అందుకే అంత ధర. ధర ఉన్నచోట కల్తీ ఉంటుంది. కుసుమ పూరేకులు, రంగు వేసిన మొక్కజొన్న పీచు కుంకుమపువ్వుగా చలామణీ అవుతుంటాయి. ఇక ఎక్కువ వేసుకుంటే ఎక్కువ తెలుపు అనుకుని గ్రాముల కొద్దీ వాడితే గర్భాశయం మీద ప్రభావం చూపే ప్రమాదముంది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో సగానికి పైగా గర్భిణులకు రక్తహీనత ఉంది. మన రాష్ట్రం పరిస్థితీ అంతే. రక్తం తగ్గితే మొహం పాలిపోతుంది. దాన్ని చూసి 'కడుపుతో ఉన్నాక రంగు తేలింది' అనుకునేవాళ్లూ ఉన్నారు! పాలిపోవడం తెలుపు కాదు, ప్రమాద సూచన. కుంకుమపువ్వుకి పెట్టే డబ్బుతో గుడ్లు, పప్పు, ఆకుకూరలు, చేపలు కొంటే బిడ్డకు రక్తం పడుతుంది. ఐరన్ మాత్రలు ఆసుపత్రిలో ఉచితంగానే ఇస్తారు.

అక్కడేమో నల్లబడాలని!

ఇంతకీ తమాషా ఏంటంటే... మనం తెల్లబడాలని తాపత్రయపడుతుంటే, అమెరికా, ఐరోపాల్లో తెల్లవాళ్లు గోధుమరంగులోకి మారాలని డబ్బు పోస్తారు. ఎండలో పడుకుంటారు. ట్యానింగ్ బెడ్‌ల మీద కృత్రిమ కిరణాలు పట్టించుకుంటారు. వాటిని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2009లో క్యాన్సర్ కారకాల జాబితాలో మొదటి వర్గంలోకి చేర్చింది. అదే ఏడాది బ్రెజిల్ వాటిని నిషేధించింది.

ఎండ అక్కర్లేకుండా రంగు తెప్పించే క్రీములూ ఉన్నాయి. వాటిలో ఉండేది డైహైడ్రాక్సీ అసిటోన్ అనే ఓ రకం చక్కెర. అది చర్మం పైపొరలోని మృతకణాలతో కలిసి గోధుమరంగు తెస్తుంది. వారానికల్లా ఊడిపోతుంది. రక్తంలోకి వెళ్లేది అర శాతం మాత్రమే. కాబట్టి గర్భిణులకు పెద్దగా ముప్పు లేదంటారు. కాకపోతే స్ప్రే రూపంలో కొట్టించుకుంటే ఆ తుంపర ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. అది మాత్రం వద్దంటారు. అక్కడి క్రీములో అర శాతం లోపలికి వెళ్తేనే గర్భిణులు డాక్టర్ని అడుగుతున్నారు. ఇక్కడి ట్యూబులో దాదాపు సగం వెళ్లే మందును మనం ఎవర్నీ అడక్కుండానే రాసేసుకుంటున్నాం!

మరేం చేయాలి?

మంగుకి మొదటి మందు నీడ. ఉదయం పది నుంచి మధ్యాహ్నం నాలుగు దాకా వీలైనంత వరకూ ఎండలోకి వెళ్లొద్దు. పనికి వెళ్లక తప్పదనుకుంటే గొడుగు, వెడల్పాటి టోపీ, తలమీదుగా కొంగు తప్పనిసరి. బండి మీద వెళ్లేవాళ్లు మొహానికి నూలు స్కార్ఫ్ కట్టుకోవాలి.

సన్‌స్క్రీన్ రాసుకోవచ్చు. ఎస్‌పీఎఫ్ 30కి తగ్గకుండా, జింక్ ఆక్సైడ్ లేదా టైటానియం డయాక్సైడ్ ఉన్నది ఎంచుకోవాలి. ఇవి చర్మం పైనే ఉండి కిరణాలను అడ్డుకుంటాయి. రక్తంలోకి వెళ్లడం దాదాపు ఉండదు. ఐరన్ ఆక్సైడ్ కలిపిన లేతరంగు సన్‌స్క్రీన్ అయితే మామూలు వెలుగు నుంచీ కాపాడుతుంది. చెమట పట్టే వాతావరణం మనది. కాబట్టి రెండు మూడు గంటలకోసారి మళ్లీ రాయాలి.

సున్నిపిండి, పెసరపిండి నలుగు పెట్టుకోవడం మన అలవాటే. గట్టిగా రుద్దకుండా ఉంటే చాలు. రుద్దితే మచ్చ ముదురుతుంది. నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళ్తే మాత్రం చర్మం కాలినట్టయి కొత్త మచ్చలొస్తాయి. మంగు మరీ ఇబ్బంది పెడుతుంటే చర్మవైద్యుల్ని కలవాలి. అజెలాయిక్ యాసిడ్ లాంటి, గర్భిణులకు వాడదగినవి ఉన్నాయి. ఏది ఎంతకాలమన్నది వాళ్లే చెప్పాలి.

ఇప్పటికే రాసుకుంటే...

'అయ్యో, మూడు నెలల నుంచీ రాస్తున్నానే!' అని కంగారు పడక్కర్లేదు. రాసుకున్నంత మాత్రాన బిడ్డకు ఏదో అయిపోయినట్టు కాదు. గర్భం తీయించుకోవాలన్నంత భయం అసలే వద్దు. ఆ ట్యూబునో డబ్బానో పారేయకుండా కవర్లో పెట్టి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. దాన్ని చూస్తే సగం సంగతి వాళ్లకు అర్థమవుతుంది. పాదరసం అనుమానం ఉంటే వెంటనే ఆపేయాలి. మూత్ర, రక్త పరీక్షలతో తేల్చుకోవచ్చు. స్టెరాయిడ్ ఎక్కువ కాలం వాడి ఉంటే, ఎలా తగ్గించుకుంటూ మానాలో డాక్టరే చెబుతారు. ఉన్నట్టుండి మానేస్తే మొహం మండుతుంది. ఆ మంటకు భయపడి మళ్లీ మొదలెట్టే ప్రమాదముంది.

చర్మవైద్యుల దాకా వెళ్లలేనివాళ్లకూ దారుంది. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచిత పరీక్షలు చేస్తారు. 2016 నుంచీ సాగుతున్న కార్యక్రమమిది. ఆ రోజు ట్యూబుని కూడా చేతిసంచిలో వేసుకెళ్లండి. ఊళ్లోకొచ్చే ఏఎన్ఎం, ఆశా కార్యకర్తలకు చెప్పినా సరే.

ట్యూబు మీద ఇవి చూడండి

* మెర్క్యురీ, కాలొమెల్, మెర్క్యూరస్ క్లోరైడ్, అమ్మోనియేటెడ్ మెర్క్యురీ... ఈ పేర్లలో ఏదున్నా అది పాదరసమే.

* 'బంగారం, వెండి నగలకు తగలనివ్వొద్దు' అని రాసి ఉందా? పాదరసం ఉన్నట్టు అనుమానించాల్సిందే.

* పేరు చివర 'సోన్', 'సాల్' అని ఉంటే స్టెరాయిడ్ కావొచ్చు. డాక్టర్ని అడగండి.

* హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, అడాపలీన్, రెటినాల్... కాన్పు అయ్యేదాకా వీటిని పక్కన పెట్టండి.

* తయారీదారు చిరునామా, లైసెన్సు నంబరు, పదార్థాల జాబితా లేని డబ్బాను ఎంత తక్కువకు ఇచ్చినా కొనొద్దు.

* వారంలోనే రంగు తేలిందంటే సంతోషించకండి. అనుమానించండి.

పురిటిగదిలో చూసే రంగు ఒక్కటే!

నలుపు నారాయణుడు మెచ్చు అన్నారు పెద్దలు. మనం కొలిచే రాముడు నీలమేఘశ్యాముడు. కృష్ణుడి పేరుకే నలుపని అర్థం. ద్రౌపదికీ 'కృష్ణ' అన్నది మరో పేరు. దేవుడి గదిలో పూజించే రంగుని పెళ్లిచూపుల్లో, పురిటింట్లో మాత్రం తక్కువ చేసి చూస్తున్నాం. 1975లో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో పేరులోంచి 'ఫెయిర్' తీసేసి గ్లో అండ్ లవ్లీగా మారింది. క్రీము డబ్బా మీదే మాట మారినప్పుడు మన నోటి మాట మారలేదా?

ఇంటికొచ్చిన గర్భిణిని 'నల్లబడ్డావేం?' అనే బదులు 'ఏమన్నా తిన్నావా?' అని అడిగి చూడండి. ఆమె చెయ్యి ట్యూబు వైపు వెళ్లదు, కంచం వైపు వెళ్తుంది.

బిడ్డ పుట్టగానే డాక్టర్లు మొదట గమనించేవాటిలో రంగూ ఒకటి. కానీ అది మనం అడిగే రంగు కాదు. 1952లో వర్జీనియా ఆప్గార్ అనే అమెరికన్ వైద్యురాలు అయిదు అంశాలతో ఓ కొలమానం రూపొందించారు. ఈనాటికీ ప్రపంచమంతటా నవజాత శిశువులను దాంతోనే అంచనా వేస్తారు. గుండె కొట్టుకోవడం, ఊపిరి, కండరాల బిగువు, స్పందన... వాటితోపాటు రంగు. బిడ్డ నలుపైనా, చామనఛాయైనా, ఎరుపైనా నాలుకా, నోటి లోపలి భాగం గులాబీ రంగులో ఉంటే చాలు. ఊపిరి అందుతున్నట్టే. ఆ తర్వాత తూకం మీద పడుకోబెడతారు. రెండున్నర కిలోలకు తగ్గకపోతే అందరి మొహాల్లోనూ వెలుగే.

ఆ వెలుగు ఏ ట్యూబులోనూ దొరకదు!